సంఘంలో కొత్త నాయకులు ఎందుకు తయారవడం లేదు? ఇంకా ఎంతకాలం ఓపిక పట్టాలి?

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ముందు రెండు మాటల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా పనికొస్తుంది. మీరు పాస్టర్‌గా ఉన్నది మరీ చిన్నదీ కాని, మరీ పెద్దదీ కాని క్రైస్తవ సంఘం. వాక్యం చెప్పడం, ఇళ్ళకు వెళ్ళి ప్రార్థించడం, రోగులను చూసి రావడం, లెక్కలు, యూత్, అన్నీ మీ ఒక్కరి మీదే నడుస్తున్నాయి. ఉన్న ఇద్దరు పెద్దలకు వయసు మీదపడింది. నాయకత్వ శిక్షణ పేరుతో కొన్ని వారాలు తరగతులు పెట్టారు. ఉత్సాహంగా చాలామందే వచ్చారు, కానీ తరగతులు ముగిశాక ఒక్కరూ పని అందుకోలేదు. యూత్ బాధ్యత అప్పగించిన అబ్బాయి కొన్ని నెలలకే మానేశాడు. ఇప్పుడు ఆదివారం వెనక వరసలో కూర్చుని, చివరి ప్రార్థన అవగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోతున్నాడు. ఇంకా ఎంతకాలం ఓపిక పట్టాలి అని అడిగారు.

సూటిగానే చెప్తాను. ఎదురుచూస్తూ కూర్చుంటే నాయకులు రారు. నిజమైన పని ఒకటి, చిన్నదైనా సరే, పూర్తిగా వాళ్ళ చేతిలో పెట్టాలి. వాళ్ళు దాన్ని మీరు చేసినంత బాగా చేయరు. అప్పుడు మీరు మధ్యలో చెయ్యి పెట్టకూడదు, అలాగని వదిలేసి పోకూడదు, పిలిస్తే పలికేంత దగ్గరలో ఉండాలి. ఓపికంతా ఖర్చయ్యేది ఆ రోజుల్లోనే. చాలా సంఘాల్లో ఇది తిరగబడి ఉంటుంది. పని ఇవ్వడానికి ఏళ్ళ తరబడి ఆగుతారు, ఇచ్చాక నాలుగు వారాలు కూడా ఆగలేరు.

మీ తరగతులు వృథా అనను. బోధ సరిగ్గా తెలియనివాడు వాక్యం చెప్పడానికి నిలబడితే అది ప్రమాదమే. కాకపోతే నాయకుడికి కావలసినవి కొన్ని తరగతిలో దొరకవు. భార్యాభర్తలు గొడవపడి ఆ మూల ఒకరు ఈ మూల ఒకరు కూర్చున్న ఇంట్లో ప్రార్థన ఎలా మొదలుపెట్టాలి? సాక్ష్యం పేరుతో ఒకాయన అరగంట నుంచి మాట్లాడుతుంటే ఆయన నొచ్చుకోకుండా ఎలా ఆపాలి? మనిషి పోయిన ఇంట్లో ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఊరికే పక్కన కూర్చోవాలి? ఇవన్నీ ఈత లాంటివి, గట్టు మీద కూర్చుని నేర్చుకోలేం, నీళ్ళలో దిగితే తప్ప రావు. ప్రభువు పన్నెండుమందిని ఎందుకు ఏర్పరచుకున్నాడో మార్కు 3:14 చెప్తుంది. తనతో కూడా ఉండడానికి, ఆ తర్వాత పంపడానికి. ముందు వెంట తిప్పుకున్నాడు. వాళ్ళు విన్న బోధలో చాలా భాగం దారిలోనే, పడవలోనే, ఎవరింట్లోనో భోజనానికి కూర్చున్నప్పుడే జరిగింది.

తరగతి ముగిశాక బహుశా మీరు, "ఇప్పుడు సేవకు ఎవరు ముందుకొస్తారు?" అని అడిగి ఉంటారు. ఆ ప్రశ్నకు మంచివాళ్ళు సాధారణంగా చెయ్యెత్తరు. తమకు అర్హత లేదనుకుంటారు, లేదా నలుగురిలో చెయ్యెత్తితే పదవి కోరుకున్నట్టు ఉంటుందని మొహమాటపడతారు. ఎత్తినవాళ్ళలో కొందరిని చూసి మీకే గుండె గుభేలుమంటుంది. అందుకే అందరినీ కలిపి అడగొద్దు. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి, ఒక పని చూపించి, "ఇది మీరు చేయగలరని నాకు అనిపించింది, ఎందుకంటే ఫలానా రోజు మీరు ఫలానా పని చేయడం చూశాను" అనండి. ఆ రెండో సగం చాలా ముఖ్యం. తనలో ఏదో చూసి అడిగారని తెలిసిన మనిషి వేరు, ఖాళీ నింపడానికి అడిగారని తెలిసిన మనిషి వేరు.

మరి ఎవరిని చూడాలి? ఒక ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర కరచాలనాలు మానేసి, ఒక పక్కన నిలబడి పది నిమిషాలు గమనించండి. కొత్తగా వచ్చిన కుటుంబం దగ్గరికి ఎవరూ చెప్పకుండానే ఎవరు వెళ్ళారు? ఈ వారం రానివాళ్ళ గురించి ఎవరు ఆరా తీస్తున్నారు? మైకు వైరు చుట్టి పెట్టింది ఎవరు, అది ఎవరైనా చూస్తున్నారా లేదా అని పట్టించుకోకుండా? ఒకరితో ఒకరు మాట్లాడుకోని రెండు కుటుంబాలు ఉంటే, ఆ ఇద్దరూ ఎవరి మాట వింటారు? ఏదైనా కష్టం వస్తే ఆడవాళ్ళు మీ దగ్గరికి రాకముందు ఏ సిస్టర్ దగ్గరికి వెళ్తారు? ఇలాంటివాళ్ళు ఇప్పటికే నాయకత్వం చేస్తున్నారు. దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, అంతే.

గొంతు బాగున్నవాళ్ళ విషయంలో మాత్రం జాగ్రత్త. బాగా పాడేవాడూ, గిటార్ వాయించేవాడూ, ప్రార్థనలో మాటలు తడుముకోనివాడూ అందరి కళ్ళలో పడతారు. వరం ఉండటం మంచిదే, కానీ స్టేజీ మీద కనిపించేది వరం మాత్రమే, గుణం కనిపించదు. అది కుర్చీలు సర్దే రోజు, పాట అవకాశం ఇంకొకరికి ఇచ్చిన రోజు బయటపడుతుంది. 1 తిమోతి 3లో అధ్యక్షుడికి, అంటే సంఘాన్ని చూసుకునే పెద్దకు, ఉండాల్సిన లక్షణాలు చదవండి. బోధించగలవాడై ఉండాలన్న ఒక్కటి తప్పితే మిగతావన్నీ దాదాపు అతని స్వభావం, ఇల్లు, డబ్బు, బయటివాళ్ళ దగ్గర పేరు గురించే.

అపొస్తలుల కార్యాలు 6లో ఏడుగురిని ఏర్పరచిన సంగతి మనం తరచూ చెప్పుకుంటాం గానీ అందులో ఒక విషయం జారిపోతుంది. గ్రీకు భాష మాట్లాడేవాళ్ళు తమ విధవరాండ్రను రోజువారీ పంపిణీలో పట్టించుకోవడం లేదని సణిగారు. అప్పుడు ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అంటే ఫిర్యాదు ఏ పక్క నుంచి వచ్చిందో పని చాలావరకు ఆ పక్కవాళ్ళ చేతికే వెళ్ళినట్టుంది. మీ సంఘంలో "మమ్మల్ని ఎవరూ పట్టించుకోవడం లేదు" అని గొణిగేవాళ్ళు ఉంటే వాళ్ళను సమస్యగా చూడకండి. వాళ్ళలో నెమ్మదస్తుడు ఒకడు ఉంటాడు. అతన్ని వెతకండి.

ఇక పని పరిమాణం గురించి. నిర్గమకాండం 18లో యిత్రో తన అల్లుడు మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తీర్పులు తీర్చడం చూసి, ఇది మంచిది కాదు అన్నాడు. నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అన్నాడు. రెండో మాట మీద ఆగండి. మీరు అన్నీ చేసుకుంటుంటే మీకు మాత్రమే కష్టం అనుకుంటున్నారు, మీ వంతు కోసం ఎదురుచూసే జనం కూడా అలసిపోతున్నారు. యిత్రో చెప్పిన ఏర్పాటులో వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధికారులు ఉన్నారు. మీరు అబ్బాయికి యూత్ మొత్తాన్ని అప్పగించారు. అంటే పదిమంది మీద ఎప్పుడూ ఉండనివాడిని తీసుకెళ్ళి ఒకేసారి యాభైమంది మీద కూర్చోబెట్టారు.

మెథడిస్టుల చరిత్రలో ఈ పదిమంది సంగతి ఇంకోలా వచ్చింది. 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో వాళ్ళ కూడికల భవనం మీద ఉన్న అప్పు తీర్చడానికి సభ్యులు వారానికి ఒక పెన్నీ చొప్పున ఇవ్వాలని అనుకున్నారు. పన్నెండుమందికి ఒకరిని పెట్టి, ఆ మనిషి వారం వారం ఇంటింటికీ తిరిగి వసూలు చేయాలన్నారు. డబ్బు కోసం వెళ్ళినవాళ్ళు వచ్చి, ఫలానా ఆయన తాగుతున్నాడు, ఫలానా ఇంట్లో గొడవలు అని చెప్పడం మొదలుపెట్టారు. సంఘాన్ని కాయడానికి ఇన్నాళ్ళూ వెతుకుతున్న మార్గం ఇదేనని మెథడిస్టుల నాయకుడు జాన్ వెస్లీకి అప్పుడు తట్టింది. ఆ వసూలు చేసేవాళ్ళే క్లాస్ లీడర్లు అయ్యారు. నాయకత్వం నేర్పుదాం అని ఎవరూ మొదలుపెట్టలేదు. పన్నెండు ఇళ్ళు, వారానికోసారి, ఒక నిజమైన పని, అంతే.

కాబట్టి మీరు గృహ కూడికతో మొదలుపెట్టండి. ఇది ఎలా అప్పగించాలో కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే అప్పగించడంలోనే సగం సంఘాలు చెయ్యి కాల్చుకుంటాయి.

ఇద్దరిని ఎంచుకోండి. ఒక్కరిని వద్దు. ప్రభువు కూడా ఇద్దరిద్దరినే పంపాడు. మొదట వాళ్ళు మీతో వస్తారు, మీరు నడిపిస్తారు. ఒకరికి ప్రార్థన విన్నపాలు రాసుకునే పని ఇవ్వండి. రాసుకున్నవాళ్ళే తర్వాతి వారం ఆ ఇంటివాళ్ళను అడగాలి, "మీ బాబు పరీక్ష ఎలా రాశాడు? నడుం నొప్పి తగ్గిందా అమ్మా?" అని. చూడ్డానికి ఇది గుమస్తా పని. కానీ ఎవరికి మనుషులు గుర్తుంటారో, ఎవరికి కాగితం మాత్రమే గుర్తుంటుందో కొన్ని వారాల్లో తెలిసిపోతుంది. కాగితం కూడా పోగొట్టుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళకు ఇంకాస్త టైమ్ ఇవ్వాలి.

తర్వాత వాళ్ళు నడిపిస్తారు, మీరు కూర్చుంటారు. ఇక్కడ అసలు పరీక్ష మీకు. మధ్యలో ఒకావిడ ప్రశ్న వేస్తుంది, "బాప్తిస్మం తీసుకోకుండానే మా అమ్మ చనిపోయింది, ఆమె సంగతేంటి?" అని. అడిగింది నడిపిస్తున్న తమ్ముణ్ణి. కానీ గదిలో కళ్ళన్నీ మీ వైపు తిరుగుతాయి. ఆ తమ్ముడి కళ్ళు కూడా. మీ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది, నాలుక చివర ఉంది. అక్కడ మీరు నోరు తెరిస్తే ఆ కూడిక మళ్ళీ మీదైపోతుంది, ఇంకో ఆరు నెలలు మీదే. తల దించుకుని బైబిల్లో పేజీలు తిప్పుకోండి, లేదంటే జవాబు అతనిదే అన్నట్టు మీరూ అతని వైపే చూడండి. అతను తడబడతాడు. చివరికి, "అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతోంది. దీనికి సరైన జవాబు చూసి వచ్చే వారం చెప్తాను, ఇప్పుడు మీ కోసం ప్రార్థన చేద్దాం" అంటాడు. ఆ రోజుకు అది చాలు. నిజానికి మీరు చెప్పాలనుకున్న పది నిమిషాల జవాబు కంటే ఆవిడకు అదే ఎక్కువ అవసరమేమో.

ఒకవేళ తప్పు చెప్పాడనుకోండి. జనం ముందు సరిదిద్దకండి, రక్షణ విషయంలో ఎవరినైనా దారి తప్పించేంత పెద్ద తప్పైతే తప్ప. అపొల్లో ఎఫెసులో సమాజమందిరంలో ధైర్యంగా బోధిస్తున్నప్పుడు అతనికి యోహాను బాప్తిస్మం మాత్రమే తెలుసు. ప్రిస్కిల్ల, అకుల అక్కడే లేచి నిలబడి అడ్డు చెప్పలేదు. తమ దగ్గరికి చేర్చుకుని దేవుని మార్గాన్ని ఇంకా వివరంగా చెప్పారు. అతను తర్వాత కొరింథులో ఎంత గొప్ప బోధకుడయ్యాడో తెలిసిందే. నలుగురిలో ఒకసారి తలవంచుకున్నవాడు మళ్ళీ నోరు తెరవడానికి చాలాకాలం పడుతుంది. కొందరు అసలు తెరవరు.

ఆ తర్వాత ఒక వారం మీరు ఆలస్యంగా వెళ్ళండి. ఇంకో వారం ముందే చెప్పి, వెళ్ళకండి. హాజరు తగ్గుతుంది. తగ్గనివ్వండి. "పాస్టర్ గారు రాలేదేంటి?" అని ఫోన్లు వస్తాయి. "అక్కడ బ్రదర్ ఉన్నారు కదండీ" అనండి, చాలు. "వేరే పని పడింది, అందుకే అతన్ని పంపాను" అని మాత్రం అనొద్దు. ఆ ఒక్క మాటతో అతను మీ బదులు వచ్చిన మనిషి అయిపోతాడు. ఇక అతని ప్రార్థన మీద వాళ్ళకు నమ్మకం కుదరదు, మీరు ఖాళీ అయ్యేదాకా ఎదురుచూస్తారు.

ప్రతి కూడిక తర్వాత, ఆ రాత్రి గానీ మర్నాడు గానీ, ఆ ఇద్దరితో కాసేపు మాట్లాడండి. పంపినవాళ్ళు తిరిగొచ్చి తాము చేసినవీ బోధించినవీ అన్నీ ప్రభువుకు చెప్పారని మార్కు 6:30లో ఉంది. ఆ వెంటనే ఆయన అన్న మాట, రండి, కొంచెం సేపు అలసట తీర్చుకోండి అని. చెప్పించుకున్నాడు, విశ్రాంతి ఇచ్చాడు. మనం ఈ రెండూ మర్చిపోతాం. ఈ మాటల్లో వర్తమానం (ప్రసంగం) ఎలా చెప్పాడు, ఏ వచనం వదిలేశాడు అనే లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. ముందు మనుషుల గురించి అడగండి. ఈ రోజు ఎవరు ఒక్క మాట కూడా మాట్లాడలేదు? ఎవరి ముఖం పోయిన వారం కన్నా దిగాలుగా ఉంది? నడుస్తుంటే నీకు ఎక్కడ భయమేసింది? మొదట్లో "బాగానే జరిగింది పాస్టర్ గారూ" అని తప్ప జవాబు రాదు. కొన్ని వారాలు ఇవే అడుగుతూ ఉండండి. ఒక రోజు మీరు అడగకముందే, "ఆ తాతగారు ఇవాళ పాట పాడలేదండీ, రేపు వెళ్ళి చూసొస్తాను" అంటాడు. అతనిలో కాపరి మొదలయ్యాడు. మీరు ఎదురుచూస్తున్నది దాని కోసమే, మంచి వర్తమానం కోసం కాదు.

ఇప్పుడు మీ యూత్ అబ్బాయి. మీరు రాసినదాన్ని బట్టి అతనికి తోడు ఎవరూ లేరు, వారం వారం కూర్చుని మాట్లాడినవాళ్ళు లేరు, తల్లిదండ్రుల ఫిర్యాదులు మాత్రం మీ ద్వారా అతని దాకా చేరేవి. ఇలాంటి చోట ఎవరైనా చేతులెత్తేస్తారు. దయచేసి అతన్ని పిలుపు లేనివాడని తేల్చేయకండి.

యోహాను అనే మార్కు మొదటి సువార్త ప్రయాణంలో పెర్గే దగ్గర పౌలు బర్నబాలను వదిలి యెరూషలేముకు తిరిగి వెళ్ళిపోయాడు. ఎందుకో రాయలేదు. తర్వాతి ప్రయాణంలో అతన్ని తీసుకెళ్దామని బర్నబా, వద్దని పౌలు గట్టిగా వాదించుకుని విడిపోయారు. ఎవరిది ఒప్పో లేఖనం తీర్పు చెప్పలేదు. పౌలు పక్కన కూడా న్యాయం ఉంది, ముందుకెళ్ళేది కష్టమైన ప్రయాణం, మధ్యలో వదిలేసేవాడితో కుదరదు. అయితే బర్నబా మార్కును ఎక్కడికి తీసుకెళ్ళాడో గమనించండి. కుప్రకు, తన సొంత ప్రాంతానికి, ముందు ప్రయాణంలో మార్కు తమతో కలిసి తిరిగిన చోటికి. తెలిసిన నేల, దగ్గర బంధువు తోడు. ఏళ్ళు గడిచాక చెరసాల నుంచి పౌలే తిమోతికి రాశాడు, మార్కును వెంటబెట్టుకు రా, పరిచర్యకు అతను నాకు పనికొస్తాడు అని. వద్దన్న మనిషి చేత ఆ మాట రాయించింది బర్నబా ఓపిక.

కాబట్టి వెళ్ళి అతన్ని కలవండి. యూత్ ఊసెత్తకండి. ఉద్యోగం, ఇల్లు, ఆరోగ్యం, ఇవే మాట్లాడండి. రెండోసారో మూడోసారో అతనే ఆ విషయం తెస్తాడు, తెచ్చినప్పుడు ముందు వినండి, సమర్థించుకోవద్దు. తిరిగి అదే బాధ్యత ఇవ్వొద్దు. కుప్ర లాంటిది ఏదైనా చూడండి, చిన్నది, తెలిసినది, ఇంకొకరితో కలిసి చేసేది.

"ఎంతకాలం?" అన్నదానికి జవాబు ఒక అంకె చెప్పి ఊరుకోవచ్చు. ప్రభువు శిష్యులతో సుమారు మూడేళ్ళు ఉన్నాడు, పౌలు ఎఫెసులో మూడేళ్ళు రాత్రింబగళ్ళు కన్నీళ్ళతో బుద్ధి చెప్పానన్నాడు, యెహోషువ దాదాపు అరణ్య కాలమంతా మోషే పక్కన పరిచారకుడిగా ఉన్నాడు. కానీ వాక్యంలో వేగంగా జరిగినవి కూడా ఉన్నాయి. లుస్త్ర, ఈకొనియ, అంతియొకయలో సంఘాలు మొదలై ఎక్కువ కాలం గడవకముందే, తిరుగు ప్రయాణంలోనే పౌలు బర్నబాలు ఉపవాస ప్రార్థన చేసి పెద్దలను నియమించారు. కాకపోతే ఆ కొద్దికాలంలోనే రాళ్ళు పడ్డాయి, శ్రమలు వచ్చాయి. ఎవరు నిలబడతారో ఊరందరికీ తెలిసింది.

ఇంకొకటి చూడండి. ఎఫెసులో ఉన్న తిమోతికి రాసినప్పుడు అధ్యక్షుడు కొత్తగా చేరినవాడై ఉండకూడదన్నాడు పౌలు. క్రేతులో ఉన్న తీతుకు దాదాపు అవే లక్షణాలు రాసినప్పుడు ఈ ఒక్క మాట లేదు. ఎఫెసు అప్పటికి కొన్నేళ్ళుగా ఉన్న సంఘం, అక్కడ పాతవాళ్ళున్నారు. క్రేతు సంఘాల్లో పనులు ఇంకా సరిదిద్దాల్సిన స్థితి, బహుశా అక్కడ అందరూ కొత్తవాళ్ళే. నా ఉద్దేశంలో తేడాకు కారణం అదే. మీది ఎఫెసు లాంటి సంఘం. మీ దగ్గర పదేళ్ళుగా ఉన్న విశ్వాసులున్నారు. పని వెంటనే ఇవ్వండి, పదవి మాత్రం ఆలస్యం చేయండి. పరిచారకులను కూడా ముందు పరీక్షించమన్నాడు, ఎవరి మీదా తొందరపడి హస్తనిక్షేపణం (చేతులుంచి సేవకు నియమించడం) చేయొద్దన్నాడు. పేరు ప్రకటించి స్టేజీ మీద నిలబెట్టి ప్రార్థన చేసే రోజుకు సంఘం, "ఈయన ఎప్పటి నుంచో చేస్తున్నదే కదా" అనుకోవాలి. ఆశ్చర్యపోయారంటే తొందరపడ్డారని అర్థం.

ఓపిక పట్టకూడనివి కొన్ని ఉన్నాయి. వీటిని చేతకానితనంతో కలపొద్దు. పాట తప్పు శ్రుతిలో ఎత్తుకోవడం, టైమ్‌కు ముగించలేకపోవడం, ఒక ఇంటికి వెళ్ళడం మర్చిపోవడం, ఇవి చేతకానితనం, నేర్చుకుంటారు. కానుకల లెక్కలో దాపరికం, పిల్లలతో గానీ స్త్రీలతో గానీ హద్దు దాటిన ప్రవర్తన, అబద్ధం, ఇంట్లో చెయ్యి చేసుకోవడం, వీటికి ఒక్క రోజు కూడా గడువు ఇవ్వకూడదు. పిల్లల విషయంలో నేరం జరిగిందనిపిస్తే సంఘంలోనే సర్దుకుందామని చూడకండి, చట్టానికి చెప్పాల్సిందే. మొదటి నుంచీ ఏర్పాట్లే అలా ఉంచండి. కానుకలు ఇద్దరు కలిసి లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేయాలి, ఆ ఇద్దరూ ఒకే కుటుంబం వాళ్ళు కాకూడదు. సండే స్కూల్ గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. మీతో సహా అందరికీ ఇదే నియమమని చెప్తే కొత్తవాళ్ళు తమను అనుమానిస్తున్నారని అనుకోరు.

మీ పాత పెద్దలిద్దరి గురించి మీరు ఒక్క వాక్యం రాశారు, కానీ టెన్షన్ అంతా అక్కడే ఉన్నట్టు నాకు అనిపించింది. కుర్రాళ్ళను ముందుకు తెస్తే వాళ్ళు పక్కకు నెట్టేశారని అనుకుంటారు. అనుకోవడం సహజమే, కొన్ని చోట్ల నిజంగానే నెట్టేస్తారు. సంఖ్యాకాండం 27లో యెహోషువ మీద చేతులుంచమని మోషేకు చెప్తూ దేవుడు, నీ అధికారంలో కొంత అతని మీద ఉంచు అన్నాడు. కొంత. మోషే ఇంకా ఉన్నాడు, ఇద్దరూ కలిసి కనిపించారు. మీ పెద్దలను కొత్తవాళ్ళతో జత చేయండి. ఒక పెద్దాయన, ఒక తమ్ముడు కలిసి రోగుల దగ్గరికి వెళ్ళాలి. మొదట ప్రార్థన పెద్దాయన చేస్తారు, తర్వాత తమ్ముడు చేస్తాడు, పెద్దాయన ఆమేన్ అంటారు. ఆ ఆమేన్ విన్న ఇల్లు అతన్ని కూడా ఒప్పుకుంటుంది. మీరు వంద ప్రకటనలు చేసినా అంత బలం రాదు.

మీ గురించి కూడా ఒక మాట, కోపం తెచ్చుకోకండి. మనకు నచ్చని పనులు అప్పగించడం తేలిక. లెక్కలు, కుర్చీలు, హాజరు పట్టిక ఎవరికైనా ఇస్తాం. మనకు పేరు తెచ్చేది, మనం బాగా చేసేది ఇంకొకరికి ఇచ్చినప్పుడు లోపల ఏదో కదులుతుంది. వెస్లీ ఊళ్ళో లేనప్పుడు లండన్‌లో థామస్ మ్యాక్స్‌ఫీల్డ్ అనే అభిషేకం లేని సహాయకుడు వాక్యం చెప్పడం మొదలుపెట్టాడు. అది ఆపడానికి వెస్లీ హడావిడిగా తిరిగొచ్చాడు. తల్లి సుసన్నా ఆయన్ని ఆపింది. ముందు అతని ఫలాలు చూడు, స్వయంగా విను అంది. విన్నాక ఆయన ఒప్పుకున్నాడు, ఆ తర్వాత సామాన్య బోధకులు వందల్లో లేచారు. ఇదే మ్యాక్స్‌ఫీల్డ్ 1763లో వెస్లీ నుంచి విడిపోయాడు కూడా. ఆ బాధ ఉంటుంది, మీరు పెంచినవాళ్ళలో ఒకరైనా మిమ్మల్ని వదిలి వెళ్తారు. అయినా వెస్లీ మిగతావాళ్ళకు తలుపు మూయలేదు.

అందుకని కూడిక బాగా నడిచిన కొన్నాళ్ళకు ఒక ఆదివారం ఉదయం వర్తమానం ఇవ్వండి, మీరు ఊరెళ్ళే ఆదివారం కాకుండా, మీరు ముందు వరసలో కూర్చుని నోట్సు రాసుకునే ఆదివారం. ఇంకా, ఎవరికి ఏ పని ఇచ్చినా ఒక ఏడాదికే ఇవ్వండి. ఏడాది చివర కూర్చుని, కొనసాగుతారా, కాస్త ఆగుతారా, వేరే పని చూస్తారా అని అడగండి. ముగింపు తేదీ లేని పని అంటే ఉద్యోగం, చిన్న పిల్లలు ఉన్నవాళ్ళు భయపడతారు. గౌరవంగా దిగే దారి లేకపోతే మీ అబ్బాయిలాగా చెప్పకుండా దిగిపోతారు.

ఈ నెలలో మీరు చేయాల్సింది ఎక్కువ లేదు. శిక్షణ తరగతుల రెండో విడత ప్రస్తుతానికి ఆపండి. గుమ్మం పక్కన నిలబడి చూసిన ఇద్దరిని వచ్చే వారం నుంచి గృహ కూడికకు వెంట తీసుకెళ్ళండి. ఆ అబ్బాయిని ఆదివారం దాకా ఆగకుండా వారం మధ్యలో, అతనికి వీలైన సమయం అడిగి కలవండి. ఎలా జరుగుతోందో కొన్ని నెలల తర్వాత ఇక్కడే రాయండి. హాజరు తగ్గిందని రాసినా నేను కంగారుపడను.